రత్నంగారి వాతం పొడి

"అంత గట్టిగా రుద్దకే తల్లీ. చిగురు చీరుకుపోయిందంటే ఆ రక్తాన్ని ఆపడం ఎవరి తరం?" అంది వెంకటదుర్గ, నూతి చప్టా పక్కన నిలబడి.

హారతి నోటినిండా నురుగుతోనే నవ్వింది. "పళ్ళు తోముకుంటున్నానమ్మా, చెట్టు నరకట్లేదు."

"నవ్వకు. పొలమారుతుంది."

అప్పటికి ఏమీ జరగలేదు. హారతి చిగుళ్ళు బాగానే ఉన్నాయి, హారతీ బాగానే ఉంది. కానీ ఏదైనా జరిగాక భయపడడం వెంకటదుర్గకి చేతకాదు. ముందే పడిపోవాలి. కూతురు కత్తిపీట ముందు కూర్చుంటే వేలు తెగినట్టే, సైకిలెక్కితే కాలవలో పడినట్టే, కాలేజీ బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఆ బస్సు వైనతేయ గోదారిలో మునిగినట్టే. ఇంట్లో కత్తెరలన్నీ బట్టల బీరువా పైన పెట్టేసి, తనకి ఎప్పుడు కావాలన్నా ముక్కాలిపీట వేసుకుని ఎక్కేది.

ఆవిడ భయానికి కారణం లేకపోలేదు. హారతికి తొమ్మిదో ఏట కీళ్ళజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ గుండెలో ఒక తలుపుని పాడుచేసి పోయింది. పదహారో ఏట హైదరాబాదు తీసుకెళ్ళి ఆ తలుపు తీయించి లోహంతో చేసిన తలుపు వేయించారు. రాత్రి గది నిశ్శబ్దంగా ఉంటే అది టిక్కుటిక్కుమనడం పక్కమంచం మీదికి వినపడేది. లోహం మీద రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే జన్మంతా రోజుకో బిళ్ళ వేసుకోవాలి. బిళ్ళ తగ్గితే గడ్డ. ఎక్కువైతే రక్తస్రావం. అందుకని నెలకోసారి రాజమండ్రి వెళ్ళి రక్తపరీక్ష. అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉంటే అమ్మయ్య అనుకోవాలి. ఏడో తరగతితో చదువాపేసిన వెంకటదుర్గకి లెక్కలు ఎప్పుడూ పడలేదు గానీ, ఆ రెండంకెలూ నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

రాజమండ్రిలో వాళ్ళని చూసే డాక్టరు సాయిప్రసన్నగారు. చిన్నవయసే గానీ నెమ్మదైన మనిషి. వెళ్ళిన ప్రతిసారీ ఒకేమాట చెప్పేది: "దుర్గగారూ, అమ్మాయికి కొత్తగా ఏది పెట్టాలన్నా ముందు నాకో ఫోను కొట్టండి. తలనొప్పి బిళ్ళ కానీయండి, ఆకుపసరు కానీయండి, లేహ్యం కానీయండి. నేను కోప్పడను. నాకు తెలియాలంతే."

"అయ్యో, మీకు చెప్పకుండానా?" అనేది వెంకటదుర్గ ప్రతిసారీ. మనసారానే అనేది.

*

అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్టుకి వెళ్ళే దారిలో వాళ్ళది పచారీ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. కరక్కాయ నుంచి కర్పూరం దాకా అన్నీ దొరుకుతాయి. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వెంకటదుర్గ భర్త గున్నేశ్వరరావే అయినా, జనం ఇంకా దాన్ని రత్నంగారి కొట్టనే అంటారు. రత్నంగారంటే ఆయన తండ్రి వెంకటరత్నం. డెబ్భై రెండేళ్ళ మనిషి. కొట్టుకి పక్కగా ఉన్న చిన్నగదిలో కల్వమూ జల్లెడా పెట్టుకుని వాతం పొడి తయారుచేసేవాడు. ఆ గదిలోకి ఇంకెవరూ అడుగుపెట్టకూడదు. మందు కలిపేవాడి మాటలో మరోమాట పడకూడదని ఆయన నియమం.

ఆ పొడికి చుట్టుపక్కల మంచి పేరుంది. కొబ్బరికాయలు దింపే తాతాజీ అయితే కొట్టు తియ్యకముందే వచ్చి అరుగుమీద కూర్చునేవాడు.

"మీ పొట్లం పడకపోతే మోకాళ్ళు చెట్టెక్కనివ్వడం లేదండీ రత్నంగారూ. ఏసుకున్న గంటకల్లా గుర్రంపిల్లనైపోతన్నానండి, ఆయ్."

"గుర్రంపిల్లవి చెట్టెక్కడమేంట్రా? కోతిపిల్లనను," అనేవాడు వెంకటరత్నం, పొట్లం చేతిలో పెడుతూ.

పొట్లం ఎవరికిచ్చినా ఒక షరతు చెప్పేవాడు. ఆయన తండ్రి ఆయనకి చెప్పిందే. నెయ్యీ అన్నం మొదటిముద్దలో కలుపుకుని తినాలి, తింటున్నట్టు ఎవరికీ చెప్పకూడదు. చెబితే మందు పారదు. ఊళ్ళో సగంమంది ఆ పొడి తింటున్నారని ఊరందరికీ తెలుసు. అయినా ఒకళ్ళతో ఒకళ్ళు అనుకోరు. దారిలో ఎదురుపడితే "ఎలా ఉన్నాయి మోకాళ్ళు?" అని అడుగుతారు, "దేవుడి దయవల్ల" అని చెప్పుకుంటారు.

*

రెండువేల సంవత్సరం ఆగస్టులో ముసురు పట్టింది. వారంరోజులు వదలకుండా కురిసింది. ఒకరోజు పొద్దున్న హారతి మంచం మీంచి లేస్తూ "అబ్బా" అంది.

"ఏంటే? ఏమైంది?" వెంకటదుర్గ వంటింట్లోంచి గరిటతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ఏం లేదమ్మా. మోకాలు పట్టేసింది. నిన్న కాలేజీలో మూడంతస్తులు ఎక్కి దిగాను కదా."

మోకాలు అన్నమాట వినగానే వెంకటదుర్గకి మిగతా మాటలు వినపడలేదు. తొమ్మిదో ఏడు కళ్ళముందు కదిలింది. అప్పుడూ ఇలాగే, మోకాలితోనే కదా మొదలైంది. కీళ్ళజ్వరం మళ్ళీ వచ్చేసింది. ఈసారి రెండో తలుపు పోతుంది. మళ్ళీ హైదరాబాదు, మళ్ళీ ఆ అద్దాల గది, ఆ గొట్టాలు. డాక్టరమ్మకి ఫోను చేస్తే ఆ మాటే అంటుంది. ఆవిడ నోటితో అంటే నిజమైపోతుంది. కొట్టులో ఫోను దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ ముట్టుకోకుండా వెనక్కొచ్చేసింది.

మధ్యాహ్నం మావగారి గది గుమ్మం దగ్గర నిలబడింది.

"మావయ్యగారండీ, హారతికి కీళ్ళు పట్టేశాయి. ఓ పొట్లం ఇస్తారా?"

వెంకటరత్నం జల్లెడ పట్టడం ఆపాడు. "అమ్మాయికి వద్దులే దుర్గా."

"అదేంటండీ?"

"అది వేరే బిళ్ళ వేసుకుంటోంది కదా. కావాలంటే వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టు. తగ్గుతుంది."

"ఊరందరికీ ఇస్తారు. మీ మనవరాలి దగ్గరికొచ్చేసరికి కాపడమా? అంతా ఆకులూ వేర్లే కదండీ, ఏం చేస్తుంది?" వెంకటదుర్గకి ఏడుపొచ్చేసింది. "దాన్ని మళ్ళీ కోయిస్తారండీ. ఇంకోసారి నేను చూళ్ళేను."

ఆయన కోడలి మొహంలోకి చూడలేదు. చాలాసేపు జల్లెడ అంచు తుడుచుకుంటూ కూర్చున్నాడు. తరవాత మామూలుగా ఇచ్చేదాంట్లో సగం కాగితంలో పోసి మడిచాడు. "చిటికెడు. అంతకంటే వద్దు. నాలుగురోజులు చూసి మానెయ్," అన్నాడు. ఎప్పుడూ చెప్పే షరతు ఆరోజు చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నాడో ఏమో. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న మనిషికి ఒకరు చెప్పాలా?

మర్నాటికే హారతి మోకాలి పట్టు వదిలేసింది. మూడోరోజున మెట్లు దబదబా దిగుతుంటే వెంకటదుర్గ దేవుడి గదిలో కొబ్బరికాయ కొట్టింది. కీళ్ళజ్వరమైతే ఇంత తొందరగా తగ్గుతుందా? తగ్గదు. అయితే అది రాలేదన్నమాట. నాలుగురోజులకి మానెయ్యమన్నారు గానీ, మానేస్తే మళ్ళీ పట్టేస్తుందేమోనని భయం. అందుకని ఇంకో నాలుగురోజులు, ఆపైన ఇంకో రోజు, మావగారికి తెలియకుండా కొట్టులోని డబ్బాలోంచి తనే చిటికెడు తీసి అన్నంలో కలిపింది. ఆ చిటికెడు తల్లి చిటికెడు. మావగారి చిటికెడు కంటే కాస్త పెద్దది.

డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తు లేకపోలేదు. చెబితే పారదు కదా అనుకుంది. ఇంట్లో పొడే కదా, బజార్లో కొన్న మందు కాదు కదా అని కూడా అనుకుంది.

ఎనిమిదోరోజున హారతి మోచేతికింద నేరేడుపండంత నల్లమచ్చ కనిపించింది. "మంచంకోడు తగిలిందమ్మా," అంది హారతి. అంతకు మునుపు గీటుపడితేనే గోలగోల చేసే వెంకటదుర్గ ఆ మాట నమ్మింది. నమ్మాలనుకుంది. తొమ్మిదోరోజు పొద్దున్న దిండుమీద రక్తపు చుక్కలు. పదోరోజు పదిగంటలకి హారతి దొడ్డివైపు వెళ్ళి గోడ పట్టుకుని వచ్చింది. పెదాలు సున్నంకొట్టినట్టున్నాయి.

"అమ్మా, తారులా నల్లగా అయింది. కళ్ళు తిరుగుతున్నాయి," అంది. అని అక్కడే కూలబడిపోయింది.

*

పక్కింటి చంద్రరావుగారి అంబాసిడరు కారులో బయల్దేరారు. ముందు సీట్లో గున్నేశ్వరరావు, వెనక హారతి తల ఒళ్ళో పెట్టుకుని వెంకటదుర్గ, కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని వెంకటరత్నం. నేనూ వస్తానని ఆయనే చొక్కా గుండీలు పెట్టుకోకుండా వచ్చి ఎక్కేశాడు. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కారు. మామూలప్పుడైతే వంతెన వచ్చిందంటే వెంకటదుర్గ కళ్ళు మూసుకుని, వంతెన కూలితే కారు తలుపు ఎలా తియ్యాలా అని ఆలోచించేది. ఆరోజు గోదారి ఎర్రగా ఒడ్డులు ఒరుసుకుని పోతున్నా కళ్ళెత్తి చూడలేదు. జీవితంలో అన్ని భయాలూ పడింది గానీ, తన చేత్తో కలిపిన ముద్దని చూసి భయపడాలని ఏనాడూ తోచలేదు.

సాయిప్రసన్నగారు హారతిని చూసిన రెండు నిమిషాల్లో లోపలికి తీసుకుపోయారు. సూదులు, సెలైను, రక్తం కోసం పరుగులు. గంట తరవాత ఆవిడ బయటికి వచ్చి ముగ్గుర్నీ తన గదిలోకి పిలిచింది.

"అంకె ఎనిమిది దాటిందండి. మూడు ఉండాల్సింది ఎనిమిది. కడుపులో ఎక్కడో రక్తం కారుతోంది. ప్లాస్మా ఎక్కిస్తున్నాం, విరుగుడు కొంచెం కొంచెం ఇస్తున్నాను. ఎక్కువ ఇస్తే మళ్ళీ ఆ తలుపుమీద గడ్డ కడుతుంది." తరవాత నెమ్మదిగా అడిగింది, "దుర్గగారూ, రోజూ వేసే బిళ్ళ కాక ఇంకేం పెట్టారు?"

"ఏం లేదండి మేడమ్, మా ఆవిడ దాన్ని కత్తిపీట కూడా ముట్టుకోనివ్వదు," అన్నాడు గున్నేశ్వరరావు.

వెంకటదుర్గ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చెబితే పారదు. పారకపోతే మాత్రం ఇప్పుడు పోయేదేముంది?

"పెట్టానండి," అంది. "వాతం పొడి. తొమ్మిది రోజులు. మావయ్యగారు సగం పొట్లమే ఇచ్చారండి, నాలుగురోజులకి మానెయ్యమన్నారండి. నేనే మానలేదు. నేనే చంపుకున్నానండి నా బిడ్డని."

"అమ్మా, అమ్మాయి బతికే ఉంది. ఏడవడానికి తరవాత బోలెడంత టైముంది." డాక్టరు కుర్చీ జరుపుకుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "చెప్పారు, మంచిపని చేశారు. ఆ పొడిలో ఏమేం ఉంటాయి?"

"నాకు తెలియదండి. ఆయన కలుపుతారు."

అందరూ వెంకటరత్నంకేసి చూశారు. ఆయన గోడవారగా బల్ల చివర కూర్చుని ఉన్నాడు. గున్నేశ్వరరావుకి కూడా ఎన్నడూ చెప్పని చిట్టా అది. తండ్రి పోయేటప్పుడు చెవిలో చెప్పి వెళ్ళింది.

"శొంఠి," అన్నాడు. "పిప్పళ్ళు, మోడి. పెన్నేరుగడ్డ నాలుగుపాళ్ళు. నీడలో ఎండబెట్టిన వావిలాకు. గుగ్గిలం శుద్ధి చేసింది. ఎండు వెల్లుల్లి ఒక పాలు. అంతేనమ్మా."

డాక్టరు అన్నీ రాసుకుంది. కలం మూత పెట్టలేదు.

"తాతగారూ, శొంఠి, వెల్లుల్లి, గుగ్గిలం, ఇవి ఆ బిళ్ళతో కలిస్తే రక్తం ఇంకొంచెం పల్చబడే మాట నిజమే. నాకు ముందే చెప్పి ఉంటే వద్దనేదాన్ని, లేదా నాలుగురోజులకోసారి పరీక్ష చేసి చూసుకునేదాన్ని. కానీ చిటికెడు పొడి తొమ్మిది రోజులు తింటే మూడు ఎనిమిదైపోయి, కడుపులో రక్తం కారడమా? నాకు నమ్మకం కుదరట్లేదు. ఇంకేమైనా కలుపుతారా?"

"ఆకులూ వేర్లేనండి," గున్నేశ్వరరావు అందుకున్నాడు. "మా తాతల నాటి నుంచీ వస్తోంది. ఊరంతా తింటుంది, ఎవరికీ ఏమీ కాలేదు. మీరు మా నాన్నని ఇలా నిలదీస్తే ఎలాగండి?"

"నిలదీయడం లేదండి. మీకు అర్థమయ్యేట్టు చెబుతాను." డాక్టరు గొంతు పెంచలేదు. "ఇది పొడివల్లే అని తేలితే పొడి మానేస్తే చాలు. రక్తం కారడం ఆగాక హారతి పాత బిళ్ళ పాత లెక్కనే వేసుకుంటుంది. పొడివల్ల కాదూ, అమ్మాయి ఒంటికే ఆ బిళ్ళ పడటం లేదూ అనుకోండి, నేను బిళ్ళ బాగా తగ్గించెయ్యాలి. పొరపాటున తగ్గించేశాననుకోండి, పదిహేను రోజుల్లో లోపల గడ్డ కడుతుంది. తలుపు బిగుసుకుపోతుంది. అప్పుడు హైదరాబాదు దాకా కూడా తీసుకెళ్ళలేం. ఇంకోటి. కడుపులో పుండు దేనివల్ల పడిందో తెలిస్తే దానికి తగ్గ మందు ఇప్పుడే మొదలుపెడతాను. తెలియకపోతే వెతుక్కుంటూ కూర్చోవాలి. అంత వ్యవధి ఆ పిల్లకి లేదు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బయట నర్సు ఎవరినో చెప్పులు విప్పమని కేకలేస్తోంది.

వెంకటరత్నం అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించుకుని కూర్చున్నాడు. గోళ్ళ చివర్లలో పసుపుపచ్చ గుండ ఇంకిపోయి ఉంది.

"చెప్పండి నాన్నా, ఇంకేం లేదని చెప్పండి," అన్నాడు గున్నేశ్వరరావు.

ఆయన చెప్పలేదు.

అప్పుడు వెంకటదుర్గకి అనుమానం వచ్చింది. ఇంకేం లేకపోతే ఆ ముక్క అనడానికి ఇంతసేపు ఎందుకు? అమ్మాయికి వద్దులే దుర్గా అన్నాడు. మనవరాలికి ఇవ్వడానికి ఆయన చెయ్యి రాలేదు. ఆవేళ ఆ మాట తనకి పిసినారితనంలా వినిపించింది. ఇప్పుడు వేరేలా వినిపిస్తోంది.

కోపం రావాల్సింది. రాలేదు. ఆయన మొహం చూస్తే ఎండిపోయిన నూతిలోకి తొంగిచూసినట్టుంది. నలభై ఏళ్ళుగా ఏ ఇంటి గుమ్మం తొక్కినా "రండి రత్నంగారూ" అనిపించుకున్న మనిషి. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ పిలుపు పోతుంది. తెరవకపోతే పోయేది హారతి.

వెంకటదుర్గ లేచి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. ఇరవై అయిదేళ్ళలో మావగారి మొహంలోకి సూటిగా చూడడం అదే మొదటిసారి.

"మావయ్యగారూ, పెట్టింది నేను. పాపం నాది. మీ మీదికి ఒక్కమాట రానివ్వను. ఊళ్ళో ఎవరైనా ఏమన్నా అంటే నేను గుమ్మంలో నిలబడి సమాధానం చెప్పుకుంటాను. ఆవిడ అడిగింది చెప్పండి."

నర్సు తలుపు తీసి "మేడమ్, రెండో సీసా ఎక్కించెయ్యమంటారా?" అంది. డాక్టరు తలూపింది. నర్సు వెళ్ళిపోయింది. కిటికీ కింద రోడ్డుమీద ఆటోలు వెళ్తున్నాయి. గున్నేశ్వరరావు ఏదో అనబోయి, భార్య చెయ్యెత్తితే ఆగిపోయాడు. గోడ గడియారంలో ముల్లు ఒక నిమిషం నుంచి ఇంకో నిమిషానికి కదిలింది. మళ్ళీ కదిలింది. డాక్టరు కలం పట్టుకుని అలాగే కూర్చుంది, మళ్ళీ అడగలేదు.

వెంకటరత్నం కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆరేళ్ళయిందమ్మా," అన్నాడు, డాక్టరుతో కాదు, కోడలితో. "మన్యం నుంచి వచ్చే పెన్నేరుగడ్డలో సత్తువ పోయింది. రత్నంగారి హస్తవాసి పోయిందన్నారు జనం. తాతాజీలాంటివాళ్ళు నొప్పులకి ఓర్చుకోలేక అరుగుమీద కూర్చుని ఏడ్చేవారు." ఈసారి డాక్టరుకేసి తిరిగాడు. "నొప్పుల బిళ్ళలు నూరి కలుపుతున్నానమ్మా. కాకినాడనుంచి డబ్బాల్లో తెప్పిస్తాను, తెల్లవి ఒక రకం, పసుపువి ఒక రకం. కేజీ పొడికి తెల్లవి రెండువందలు, పసుపువి వంద. వాటి పేర్లకి నాకు నోరు తిరగదు, అవి రాసున్న అట్టముక్క నా గదిలో సున్నపు డబ్బా వెనకాల ఉంది. మా ఆవిడ రత్తమ్మ ఇంట్లోనే ఉంది, కొట్టుకి ఫోను చెయ్యండి, చదివి చెబుతుంది. తాతాజీ కూడా పొద్దున్నే పట్టుకెళ్ళాడమ్మా, వాడినీ తినొద్దని చెప్పమనండి."